నగరి నుంచి బంగారుపాళెం దాకా: చిన్న పిల్లల సంగీత కార్యశాలలో ఏం జరగాలి

తిరుపతిలో పెరిగే పిల్లలకు సంగీతం వినడానికి కొదవ లేదు. తెల్లవారకముందే మైకుల్లో సుప్రభాతం మొదలవుతుంది, బ్రహ్మోత్సవాల రోజుల్లో మాడవీధుల్లో కోలాటం జట్లు, భజన బృందాలు ఒకదాని వెంట ఒకటి సాగిపోతాయి, మే నెలలో గంగమ్మ జాతర వచ్చిందంటే వేషాల వెంట డప్పుల మోత వీధి వీధికీ పాకుతుంది. తిరుమల తిరుపతి దేవస్థానాల ఆధ్వర్యంలో 1959 నుంచి నడుస్తున్న శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఈ ఊళ్లోనే ఉంది. అన్నమయ్య కీర్తనలను ప్రచారం చేసే అన్నమాచార్య ప్రాజెక్టు 1978లో ఇక్కడే ఆరంభమైంది. ఇంత నాదం చుట్టూ ఉన్న ఊళ్లో, ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా చదివే బిడ్డ బడి వేళల్లో తన చేతులతో ఒక్క స్వరమైనా పలికించే అవకాశం మాత్రం చాలా అరుదు. చాలా బళ్లలో సంగీతం అంటే ప్రార్థన గీతం, వార్షికోత్సవంలో రికార్డు పాటకు వేసే నృత్యం. ఆ రెంటిలోనూ బిడ్డ అనుసరిస్తుందే తప్ప, శబ్దం ఎలా పుడుతుందో, ఎందుకు మారుతుందో తెలుసుకునే చోటు లేదు.

ఈ లోటుకు ఒక కారణం చట్టంలోనే కనిపిస్తుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం చిత్రకళ, సంగీతం వంటి కళలు నేర్పే పార్ట్‌టైం బోధకుల ప్రస్తావన ఆరు నుంచి ఎనిమిది తరగతులకే ఉంది, అదీ ఆ తరగతుల్లో వంద మందికి మించి పిల్లలున్న బడికి. ప్రాథమిక తరగతులకు విద్యార్థుల సంఖ్యను బట్టి ఉపాధ్యాయుల లెక్క ఉంది కానీ కళల బోధకుల ఊసు లేదు. అంటే లెక్కలు, తెలుగు, పరిసరాల విజ్ఞానం చెప్పే టీచరే పాట కూడా నేర్పాలి. ఆ టీచరుకు పాట మీద ఇష్టం ఉంటే ఆ బడిలో పాట ఉంటుంది, లేకపోతే ఉండదు. గొంతు, చెవి, చేయి కలిసి పనిచేయడం సులువుగా అలవడే వయసు ఇదే కాబట్టి, ఈ ఏర్పాటులో నష్టపోయేది సరిగ్గా ఆ వయసు పిల్లలే.

ఆ ఖాళీలోకి వచ్చేవే సంగీత కార్యశాలలు. సంగీత కళాశాల విద్యార్థులో, స్వచ్ఛంద సంస్థల వారో, పాటల పోటీల్లో పేరు తెచ్చుకున్న గాయకులో ఒక పూట బడికి వస్తారు. బస్తా బరువు లేకుండా పిల్లలు వచ్చే శనివారాలు ఇందుకు వీలుగా ఉంటాయి. అయితే కార్యశాల పేరుతో జరిగేవన్నీ ఒకే తీరుగా ఉండవు. ఎక్కువ చోట్ల అతిథి హార్మోనియం ముందు కూర్చుంటారు, పిల్లలు వరుసల్లో కూర్చుంటారు, అతిథి ఒక పాదం పాడితే వారు తిరిగి పాడతారు, చివర చప్పట్లు, ఫొటోలు. పాట మంచిదే, గొంతూ మంచిదే. కానీ నూట ఇరవై మంది పిల్లలున్న హాలులో నూట ఇరవై జతల చేతులు ఆ పూటంతా ఒళ్లో ఖాళీగా ఉన్నాయి. దానిని కచేరీ అనడమే న్యాయం. కార్యశాల అన్న మాటలో కార్యం ఉంది, ఆ కార్యం పిల్లలదై ఉండాలి.

పాట చేతి నుంచి చేతికి, నోటి నుంచి చెవికి అందకపోతే ఏమవుతుందో చెప్పడానికి తిరుమల కొండ మీదే ఒక ఉదాహరణ ఉంది. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరిచారు. శతాబ్దాల తర్వాత ఆ రేకులు వెలుగు చూసినప్పుడు వేల కీర్తనల సాహిత్యం చెక్కుచెదరకుండా దొరికింది, ప్రతి కీర్తనకూ రాగం పేరు కూడా దొరికింది. దొరకనిది స్వరం. ఆ రాగంలో ఏ మాట ఎక్కడ లేచి ఎక్కడ దిగిందో రేకు మీద లేదు. నేడు ఇంటింటా వినబడే వరసల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు, వారి తర్వాతి వారు కూర్చినవే. లోహం మాటను కాపాడగలిగింది, పాటను కాపాడలేకపోయింది. సంగీతాన్ని బడిలో వినిపించి వదిలేయడానికీ, పిల్లల చేత చేయించడానికీ మధ్య ఉన్న తేడాను ఇంతకంటే బలంగా చెప్పే సాక్ష్యం దొరకదు.

చేయించడం అంటే ఎక్కడ మొదలుపెట్టాలి? వాద్యాలతో మొదలుపెట్టాలన్న తొందర సహజం. ఖర్చు కూడా అక్కడే మొదలవుతుంది. అయితే ఆరేళ్ల బిడ్డ దగ్గర అప్పటికే ఒక వాద్యం సిద్ధంగా ఉంది, అది ఆమె మాట్లాడే తెలుగు. మన భాషలో హ్రస్వాక్షరానికి ఒక మాత్ర (పలకడానికి పట్టే కాలపు కొలత), దీర్ఘానికి రెండు, సంయుక్తాక్షరానికో ద్విత్వానికో ముందున్న అక్షరానికీ రెండు, సున్న ఉన్న అక్షరానికీ రెండు. ఛందస్సు పాఠంలో గురులఘువుల పేరుతో ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదో తరగతిలోనో ఎదురై పిల్లలను భయపెట్టే ఈ విషయం, చప్పట్లతో చెబితే ఒకటో తరగతి పిల్లలకు పది నిమిషాల్లో పట్టుబడుతుంది. ఎందుకంటే నోటికి అది ముందే తెలుసు.

చిత్తూరు, తిరుపతి జిల్లాల ఊళ్ల పేర్లే ఇందుకు చాలు. బస్టాండులో కండక్టర్లు పిలిచే పిలుపును పిల్లలందరూ విన్నారు కదా, అదే పిలుపును తాళానికి కట్టాలి. ‘నగరి’ అంటే మూడు మాత్రలు, మృదంగం నేర్పే గురువు ‘తకిట’ అనే చోట ఈ పేరు సరిగ్గా కూర్చుంటుంది. ‘తిరుపతి’ అంటే నాలుగు, ‘తకధిమి’. ‘చిత్తూరు’ అన్నప్పుడు ‘చి’ తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి రెండు, ‘త్తూ’ దీర్ఘం కాబట్టి రెండు, ‘రు’ ఒకటి, మొత్తం అయిదు. ‘తిరుచానూరు’లో ఏడు మాత్రలు ఉన్నాయి. ‘తిరుచా’ నాలుగు, ‘నూరు’ మూడు. ఇక ‘బంగారుపాళెం’ తొమ్మిది, ‘బంగారు’ అయిదు, ‘పాళెం’ నాలుగు. కర్ణాటక సంగీతంలో తిస్రం, చతురస్రం, ఖండం, మిశ్రం, సంకీర్ణం అని చెప్పే అయిదు జాతులు, అంటే మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది లెక్కలు, ఈ అయిదు ఊళ్ల పేర్లలో దొరికిపోతాయి. ఆ శాస్త్రం పేర్లు పిల్లలకు చెప్పకపోయినా నష్టం లేదు. నగరి జట్టు, తిరుపతి జట్టు, చిత్తూరు జట్టు అని తరగతిని విడదీసి, ఒక్కొక్క జట్టు తన ఊరి పేరును చప్పట్లతో, బల్ల మీద దరువుతో, కాళ్లతో పలికిస్తే చాలు.

ఇక్కడి నుంచి పాఠం తనంతట తానే పెరుగుతుంది. నగరి జట్టు, తిరుపతి జట్టు ఒకే వేగంతో ఒకేసారి మొదలుపెడితే మళ్లీ ఎప్పుడు కలుస్తాయి? పన్నెండో మాత్ర పూర్తయ్యాక. అంతలో నగరి నాలుగు సార్లు, తిరుపతి మూడు సార్లు పలుకుతాయి. కనిష్ఠ సామాన్య గుణిజం అన్న పాఠం పుస్తకంలో చదవకముందే అది ఒళ్లు ఎరిగిన విషయం అవుతుంది. ‘శ్రీకాళహస్తి’ ఎనిమిది మాత్రలు కాబట్టి, ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ల లెక్క, ఆపై దెబ్బ, విసురు రెండేసి సార్లు వేసే ఆది తాళం ఒక ఆవర్తంలో, అంటే ఒక చుట్టులో, నిండుగా సరిపోతుంది. తర్వాత పిల్లలు తమ పేర్లను వెతుక్కుంటారు. లక్ష్మి మూడు, మునెమ్మ నాలుగు, గంగమ్మ అయిదు, మునిరత్నం ఆరు. ఇంతవరకూ పైసా ఖర్చు లేదు, అతిథి వెళ్లిపోయాక కూడా ఏ టీచరైనా రేపు పొద్దున మళ్లీ చేయించగలరు. లయలో అసాధారణ పట్టుకు పేరుపడిన కాంచీపురం నాయనా పిళ్లై పరంపరలో చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై వంటి విద్వాంసుడు ఈ జిల్లా పేరును తన పేరులో మోసుకుని దక్షిణాదిన వెలిగాడు. లెక్క తప్పని తాళం ఈ నేలకు కొత్త విద్య కాదు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. చిన్న పిల్లల సహజమైన నడక పెద్దవారి నడక కంటే వేగంగా ఉంటుంది. పెద్దలు తమకు హాయిగా తోచే విళంబంలో, అంటే నెమ్మది నడకలో, దరువు వేసి, పిల్లలు పరుగెత్తుతున్నారని విసుక్కుంటారు. ముందు పిల్లల వేగానికి పెద్దలు రావాలి. అక్కడ లయ స్థిరపడ్డాక నెమ్మదించడం ఒక ఆటగా నేర్పవచ్చు.

లయ తర్వాత స్వరం. ఇందుకు బజారులో దొరికే బొమ్మ కీబోర్డుల కంటే నల్లాల పనికి వాడే అర అంగుళం ప్లాస్టిక్ పైపు మేలు. పైపు ముక్క ఒక మూతిని అరచేతికి చటుక్కున తాకిస్తే ‘టుప్’మని ఒక స్వరం పలుకుతుంది. పైపు లోపలి గాలి స్తంభం కదలడం వల్ల పుట్టే నాదం అది, పొడవు తగ్గేకొద్దీ శ్రుతి, అంటే నాదం స్థాయి, పెరుగుతుంది. పొడవుకూ స్వరానికీ ఉన్న లెక్క ఎంత సూటిగా ఉంటుందంటే, ముప్ఫై సెంటీమీటర్లను ఆధార షడ్జంగా (‘స’గా) పెట్టుకుంటే రిషభం 26.7, గాంధారం 24, మధ్యమం 22.5, పంచమం 20, ధైవతం 18, నిషాదం 16, పై షడ్జం 15 సెంటీమీటర్లు వస్తాయి. ఇవి శంకరాభరణం రాగపు మెట్లు. నాలుగో తరగతి పిల్లలు స్కేలు పట్టుకుని కొలవగల లెక్క, భిన్నాల పాఠానికి ఇంతకంటే మంచి తోడు దొరకడం కష్టం. పంచమం అంటే పొడవులో మూడింట రెండు వంతులు, పై షడ్జం అంటే సగం.

అయితే పుస్తకంలోని లెక్క చేతికి వచ్చేసరికి చిన్న మెలిక పెడుతుంది. తెరిచి ఉన్న మూతి దగ్గర గాలి కదలిక పైపు అంచుతో ఆగిపోదు, కొద్దిగా బయటికి పొంగుతుంది. దానివల్ల పైపు తన అసలు పొడవు కంటే కాస్త పొడవైనదానిలా పలుకుతుంది. అర అంగుళం పైపుకు ఈ తేడా సుమారు అర సెంటీమీటరు. కాబట్టి పైన చెప్పిన ప్రతి కొలతలోనూ అర సెంటీమీటరు తగ్గించి, 29.5, 26.2, 23.5, 22, 19.5, 17.5, 15.5, 14.5గా కోయాలి. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పేయకూడదు. మొదటి పైపు పొడవులో సరిగ్గా సగం ఉండే ముక్కను కోయించి, ఆ రెంటినీ పలికించి వినమనాలి. సగం పైపు పై షడ్జానికి దగ్గరగా వచ్చి కొంచెం తగ్గి ఆగిపోతుంది. చెవి పట్టుకున్న ఆ తగ్గుదలను గరుకు కాగితంతో అరగదీసి సరిచేయడమే ఆ పూటకు అసలైన సంగీత పాఠం. శ్రుతి కలపడం అంటే ఏమిటో వందసార్లు చెప్పినా అర్థం కాని బిడ్డకు, పైపు అంచు పొడి రాలుతున్నకొద్దీ రెండు నాదాలు దగ్గరపడటం వినిపిస్తే ఇక చెప్పనక్కర్లేదు.

కోత పని పెద్దలదే. హాక్సా బ్లేడు పిల్లల చేతికి ఇవ్వకూడదు. కొలవడం, గుర్తు పెట్టడం, అరగదీయడం, వినడం పిల్లలది. ఇరవై అడుగుల పైపు ఒక్కటి కొంటే ఎనిమిది ముక్కల జతలు మూడు వస్తాయి, అంటే ఇరవై నాలుగు మంది పిల్లల చేతుల్లో తలా ఒక స్వరం. నోటితో ఊదే వాద్యాలను చేతులు మార్చుకునే చోట ఉండే అంటురోగాల భయం కూడా దీనికి లేదు. ప్లాస్టిక్ పిల్లనగ్రోవులు, రికార్డర్లు తెచ్చే కార్యశాలలు ఈ విషయంలో అశ్రద్ధ చూపడం మంచిది కాదు.

మొదటి రోజే ఎనిమిది స్వరాలూ పంచాలా అన్నది మరో ప్రశ్న. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ (1895–1982) పిల్లల కోసం రూపొందించిన పద్ధతిలో, పలకలు ఊడదీయడానికి వీలున్న వాద్యాలు ఉంటాయి. అవసరం లేని స్వరాలను తీసేసి అయిదు స్వరాలతో మొదలుపెడతారు. ఏ రెండు కలిసి పలికినా చెవికి కరకుగా ఉండని అయిదు అవి. మనకు దాని పేరు మోహన రాగం. పైపుల్లోంచి మధ్యమాన్ని, నిషాదాన్ని పక్కన పెడితే స, రి, గ, ప, ద, పై స మిగులుతాయి. ఇప్పుడు పిల్లలు ఏ వరసలో కొట్టినా, తప్పి ఇద్దరు ఒకేసారి కొట్టినా అపశ్రుతి అనిపించదు. బిడ్డకు తప్పు చేస్తానన్న భయం పోతుంది, తోచినట్టు కూర్చి చూసే ధైర్యం వస్తుంది. గురువు ఎదుట కూర్చుని నేర్చుకునే సంప్రదాయంలో పురందరదాసు ఏర్పరిచారని చెప్పుకునే సరళీ వరుసలు, అంటే తొలి స్వర పాఠాలు, మాయామాళవగౌళ రాగంలో మొదలవడానికి గట్టి కారణాలున్నాయి. గొంతుతో ఏళ్ల తరబడి సాధన చేసేవారికి ఆ దారే సరైనది. కానీ షడ్జానికి అతి దగ్గరగా ఉండే శుద్ధ రిషభాన్ని ఇరవై నాలుగు మంది చిన్న పిల్లల చేతుల్లో పెడితే మొదటి గంట గందరగోళంలో గడిచిపోతుంది. ఒక్క పూట కార్యశాలకూ, పదేళ్ల శిక్షణకూ ఒకే తొలి మెట్టు ఉండాలన్న నియమం లేదు.

పైపుల తర్వాత నీళ్ల గ్లాసులు పెట్టి చూపితే పిల్లల్లో మంచి వాదన పుడుతుంది. గాజు గ్లాసును చెంచాతో కొడితే నీళ్లు ఎక్కువైనకొద్దీ శ్రుతి తగ్గుతుంది. అదే నీళ్లున్న సీసా మూతి మీద ఊదితే నీళ్లు ఎక్కువైనకొద్దీ శ్రుతి పెరుగుతుంది. కొట్టినప్పుడు కదిలేది గాజు, నీటి బరువు దాన్ని నెమ్మదింపజేస్తుంది. ఊదినప్పుడు కదిలేది గాలి, నీళ్లు పెరిగితే గాలికి చోటు తగ్గుతుంది. జలతరంగం వాద్యకారుడి ముందు పింగాణీ గిన్నెలు ఎందుకు అలా అమరి ఉంటాయో ఆ తర్వాత చెప్పవచ్చు.

తోలు వాద్యాల దగ్గరికి వచ్చినప్పుడు విషయం శబ్దంతో ఆగదు. కార్యశాలకు మృదంగం వస్తుంది, తబలా వస్తుంది, పలక మాత్రం రాదు. తప్పెట అనీ డప్పు అనీ పిలిచే ఈ వాద్యం లేకుండా ఈ ప్రాంతంలో జాతర లేదు, ఊరేగింపు లేదు. అయినా దాన్ని వాయించే కుటుంబాల పట్ల సమాజం చూపిన చిన్నచూపు వాద్యానికీ అంటుకుంది. ప్రభుత్వ ప్రాథమిక బడిలో ఆ కుటుంబాల పిల్లలు చాలా మంది ఉంటారు. వారి తండ్రో తాతో నిప్పు సెగకు పలకను కాచి, చర్మం బిగిశాక మోగించే విద్యలో ఆరితేరినవారై ఉంటారు. సెగకు చర్మంలోని తేమ పోయి బిగువు పెరగడం, బిగువుతో శ్రుతి పెరగడం అన్నది పైపు పొడవుతో సమానమైన శాస్త్ర పాఠం. ఆ పాఠాన్ని ఆ బిడ్డ తాత వచ్చి బడి ఆవరణలో చూపితే, తరగతిలో ఆ బిడ్డ స్థానం ఆ రోజుతో మారిపోతుంది. కార్యశాలల నిర్వాహకులు పిలవవలసిన విద్వాంసుల జాబితాలో ఈ పేర్లు ఉండకపోవడం పెద్ద లోపం. ఈ లోపాన్ని సరిదిద్దడానికి పెద్ద ఖర్చేమీ లేదు, సంభావన మాత్రం కచేరీ విద్వాంసులకు ఇచ్చినంత గౌరవంగా ఇవ్వాలి.

చెక్కభజన, కోలాటం కూడా ఇలాగే బడికి అతి దగ్గరలో ఉన్న విద్యలు. చేతిలో చెక్కలు, కాలి కింద అడుగు, నోట పాట ఒకేసారి నడవాలి. స్విట్జర్లాండుకు చెందిన ఎమిల్ జాక్ డాల్‌క్రోజ్ (1865–1950) సంగీతాన్ని ముందు శరీరంతో నేర్చుకోవాలని ఒక పద్ధతినే నిర్మించాడు. హంగరీలో జోల్టాన్ కొడాయ్ (1882–1967) పిల్లల సంగీత విద్య మాతృభాషలోని జానపద గీతాలతో మొదలవ్వాలని పట్టుబట్టాడు. వారి పద్ధతులను పేర్లతో సహా దిగుమతి చేసుకోవడం కంటే, వారు చెప్పిన దానికి సరిపోయే సరంజామా మన ఊరి భజన గుడిలో ఉందని గుర్తించడం ముఖ్యం. ‘చెమ్మచెక్క’, ‘వానా వానా వల్లప్ప’ వంటి ఆటపాటలు అయిదారు స్వరాల లోపలే తిరుగుతాయి. చిన్న పిల్లల గొంతుకు హాయిగా అందే పరిధి కూడా దాదాపు అంతే. కుప్పం, నగరి వైపు బళ్లలో ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలు ఉంటారు. వారి ఇంటి పాటలకూ తరగతిలో చోటివ్వాలి. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు అన్న లెక్క ఆ భాషలకూ వర్తిస్తుంది.

గొంతు విషయంలో తరచూ జరిగే పొరపాటు శ్రుతి ఎంపిక. పురుష గాయకులు సాధారణంగా, హార్మోనియం మెట్ల లెక్కలో చెబితే, ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతారు. పిల్లలకు, స్త్రీలకు అయిదు శ్రుతి దగ్గర సుఖంగా ఉంటుంది. అతిథి తన శ్రుతిలో పాడితే పిల్లలు కింది స్వరాలు అందక గొణుగుతారు, పై స్థాయిలో అరుస్తారు. అప్పుడు కొందరు పిల్లలకు శ్రుతి జ్ఞానం లేదని తేల్చేస్తారు. ఆ మాట ఒక్కసారి పడిన బిడ్డ జీవితాంతం నోరు విప్పకుండా ఉండిపోవచ్చు. కాబట్టి తీర్పు చెప్పే ముందు శ్రుతి పెట్టె మీట మార్చి చూడాలి. మగ టీచరు ఉన్న చోట, పై తరగతి బాలిక ఒకరు మొదటి స్వరం అందిస్తే చిన్న పిల్లలు సులువుగా పట్టుకుంటారు.

వినికిడి లోపం ఉన్న పిల్లలను ఈ కార్యశాలల నుంచి పక్కన కూర్చోబెట్టడం కూడా సరి కాదు. ఊదిన బెలూనును రెండు అరచేతుల మధ్య పట్టుకుని పలక దగ్గర నిలబడితే ప్రతి దెబ్బా చేతుల్లోకి వస్తుంది. చెక్క బల్ల మీద చెంపో మోచెయ్యో ఆనించినా అంతే. లయ చెవికి మాత్రమే సంబంధించినది కాదని మిగతా పిల్లలకు కూడా దీనివల్ల తెలుస్తుంది.

సంగీతం నేర్పితే పిల్లల తెలివి పెరుగుతుంది, లెక్కల్లో మార్కులు వస్తాయి అన్న ప్రచారంతో కార్యశాలలను తల్లిదండ్రులకు చెప్పడం ఇటీవల ఎక్కువైంది. ఈ ప్రచారానికి మూలంగా చెప్పే 1993 నాటి ప్రయోగం చిన్న పిల్లల మీద జరగలేదు. కళాశాల విద్యార్థులు పది నిమిషాలు మోజార్ట్ సంగీతం విన్నాక ఒక రకం ప్రశ్నల్లో కొద్దిసేపు మెరుగ్గా జవాబిచ్చారన్నదే దాని సారాంశం, ఆ ప్రభావం పావుగంటకు మించి నిలవలేదు. తర్వాతి పరిశీలనలు ఆ కాస్తను కూడా గట్టిగా బలపరచలేదు. పైపులతో భిన్నాలు, ఊళ్ల పేర్లతో గుణిజాలు అర్థమవుతాయన్న మాట వేరు, అది ఆ పాఠంలో నేరుగా ఉన్న లెక్క. పాట వింటే మెదడు పెరుగుతుందన్న మాట వేరు. మార్కుల పేరు చెప్పి తెచ్చిన సంగీతాన్ని మార్కులు రాకపోతే తీసేస్తారు. పాటను పాట కోసమే బడిలోకి రానివ్వాలి.

ఇక అసలు చిక్కు, అతిథి వెళ్లిపోయాక ఏం మిగులుతుందన్నది. ఈ విషయంలో నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె ఒక గొప్ప ఉదాహరణ. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి బీసెంట్ థియోసాఫికల్ కళాశాలలో కొద్ది రోజులు బస చేశారు. విద్యార్థుల ముందు ‘జనగణమన’ పాడి వినిపించారు, దానికి ఇంగ్లీషు అనువాదం కూడా అక్కడే చేశారు. ఠాగూర్ వెళ్లిపోయారు, పాట ఆ ఆవరణలో నిలిచిపోయింది. అందుకు కారణం అక్కడే ఉన్న సంగీతజ్ఞురాలు, కళాశాల ప్రిన్సిపల్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ వరసను శ్రద్ధగా స్వరలిపిలో రాసుకోవడం, విద్యార్థులు దాన్ని పాడుతూ పోవడం. అతిథి ఎంతటివాడైనా, స్థానికంగా ఒకరు అందుకునే ఏర్పాటు ఉంటేనే ఆ విద్య ఊళ్లో నిలుస్తుంది.

కార్యశాలను పిలిచే ప్రధానోపాధ్యాయులు ఈ ఒక్క షరతు పెట్టినా సగం పని అయినట్టే. తరగతి టీచరు ఆ పూట హాజరు పట్టీలు రాసుకుంటూ వెనక కూర్చోకూడదు, పిల్లలతో పాటు చేతిలో పైపు పట్టుకుని వరుసలో ఉండాలి. చివరి పావుగంట అతిథి పక్కకు తప్పుకోవాలి, టీచరే తరగతిని నడపాలి. తనకు పాట రాదని సంకోచించే టీచర్లకు ఊళ్ల పేర్ల దరువు మంచి ఆసరా. దానికి గొంతు అక్కర్లేదు. రెండే గదుల్లో అయిదు తరగతులు నడిచే పల్లె బడిలో ఇది మరింత సులువు, ఒకటి, రెండు తరగతులు ‘తిరుపతి’ని నిలకడగా పట్టుకుంటే, నాలుగు, అయిదు తరగతుల వారు దాని మీద ‘నగరి’ని నడిపిస్తారు. వారానికి ఒక రోజు గంటసేపు కంటే, రోజూ ప్రార్థన తర్వాత పది నిమిషాలు చేయిస్తే పట్టు త్వరగా వస్తుంది.

వాద్యాలు బీరువాలోకి వెళ్లి తాళం పడటం చాలా చోట్ల కనిపించే ముగింపు. విరిగితే ఎవరు జవాబు చెప్పాలన్న భయమే దీనికి కారణం. పైపు ముక్కలకు ఆ భయం లేదు, పోయినా విరిగినా మళ్లీ కోసుకోవచ్చు. వాటిని పిల్లలకు అందే ఎత్తులో గోడకు మేకులు కొట్టి వరుసగా తగిలించాలి. పైపుల మీద స, రి, గ, ప, ద అని స్కెచ్ పెన్నుతో రాస్తే చేతి చెమటకు వారంలో చెరిగిపోతుంది. కాస్త కాల్చిన మేకుతో టీచరే ఆ అక్షరాలను గీసిపెడితే, వచ్చే ఏడు ఒకటో తరగతిలో చేరే పిల్లలు కూడా వాటిని వేలితో తడిమి చదువుకుంటారు.